ఆదివారం బేరం

పాత కారు అమ్మితేనే ఆల్బన్ పడవకు కొత్త ఇంజను వస్తుంది. ఆ కారేమో పల్లంలో దొర్లితే తప్ప స్టార్టవదు.

కొంటానన్న వెర్లిన్ అత్తను ఎక్కించుకుని, ఆదివారం పొద్దున్నే గుయావ్ ఊరి నుంచి సముద్రం పక్క రోడ్డు పట్టాడు.

"సీట్లు గట్టివో కాదో చూడాలిగా" అని ఆమె దారిలో చెల్లెల్ని ఎక్కించింది. విక్టోరియా ఊళ్లో ఇద్దరు మేనల్లుళ్లు ఎక్కారు. "బరువు లాగుతుందా?" అంటూ సీమపనస కాయల బస్తా కూడా వేయించింది.

ఆగిన ప్రతిచోటా ఆల్బన్ పల్లం చూసుకుని ఆపాడు. "సముద్రం ఇక్కణ్ణుంచే బాగా కనిపిస్తుంది అత్తా!"

"అవునవును" అందామె.

సోటేర్స్‌లో ఆమె కూతురి వాకిలి చాపలా చదునుగా ఉంది. ఆల్బన్ ఇంజను ఆపకుండా కూర్చున్నాడు. వెర్లిన్ అత్త చెయ్యి చాచి తాళం తిప్పి ఇంజను ఆపేసింది.

"ఇది పల్లంలో తప్ప కదలదని ఊళ్లో ఎవరికి తెలీదురా?"

"తెలిసీ ఎందుకొచ్చావు?"

"ఇవాళ మనవడి బాప్టిజం. ఆదివారం బస్సులు లేవుగా."

"మరి నేనెలా పోను?"

"ముందు లోపలికొచ్చి భోంచెయ్యి. నెట్టడానికి మనుషుల్ని దారంతా ఏరుకుంటూనే వచ్చాంగా!"