ఎర్ర గ్లాసు

"ఉప్పు తక్కువ పడ్డది. చిటికెడెయ్యి," అన్నాడు ముసలాయన.

ప్రేమ్‌రాజ్ ఎర్ర రసంలో చిటికెడు వేసి కలిపాడు.

కరోనా తగ్గినా, పోయిన రుచి మాత్రం అతని నాలుకకు తిరిగి రాలేదు. బార్‌లో డ్రింకులు కలిపేవాడికి రుచి తెలియదంటే ఉద్యోగం ఉంటుందా? ఎవరికీ చెప్పకుండా, ఏళ్లుగా కొలతలతో నెట్టుకొస్తున్నాడు.

ఇప్పుడు ఓనరు మహేందర్ కొత్త చిక్కు తెచ్చాడు. అఫ్జల్‌గంజ్‌లో మెక్సికో పద్ధతిలో టెకీలా పోయాలట. ఒక చిన్న గ్లాసులో టెకీలా, పక్క గ్లాసులో సంత్రా, నిమ్మ రసాల్లో ఎండుమిర్చి నూరి కలిపిన ఎర్ర రసం. గటగటా తాగకూడదు, ఇదో చుక్క, అదో చుక్క చప్పరించాలి. రసం కుదరకపోతే ఇంకొకణ్ణి పెట్టుకుంటానన్నాడు.

వారం నుంచి, పొద్దున షట్టరు ఎత్తగానే ఈ ముసలాయన వచ్చి మూల కుర్చీలో కూర్చుంటున్నాడు. టెకీలా ముట్టడు. ఎర్ర గ్లాసు పెదవికి ఆనించి, ఏం తగ్గిందో చెబుతాడు. గొంతు ఎక్కడో విన్నట్టే ఉంటుంది. తనకు రుచి తెలియదని ఈయనకెలా తెలిసిందో ప్రేమ్‌రాజ్ అడగనూ లేదు.

అంత కారానికీ మంచినీళ్లు అడిగేవాడు కాదు. లేచి వెళ్లాక చూస్తే గ్లాసు నిండుగానే ఉండేది. ప్రేమ్‌రాజ్ ఒళ్లు జలదరించేది. పని గడుస్తోంది కదా అని ఊరుకునేవాడు.

"ఇయ్యాల కుదిరింది," అన్నాడు ముసలాయన.

"అయితే లే, బాపూ. సేటు రుచి చూడనీకి వస్తుండు. నిన్ను చూస్తే నా నౌకరి పోతది. రేపటి సంది రాకు."

"పొమ్మంటున్నవా?"

"అవ్. నీతోని పనైపోయింది."

ఏరు దాటగానే ఓడ మల్లయ్య బోడి మల్లయ్య అయ్యాడు.

ముసలాయన నొచ్చుకోలేదు. మిర్చి ఘాటుకు భుజం మీది తువ్వాలును ముక్కు మీదుగా కట్టుకున్నాడు. కనిపించే ఆ రెండు కళ్లతోనే నవ్వి, బయటికి నడిచాడు.

మహేందర్ వచ్చి ఇదో చుక్క, అదో చుక్క చప్పరించాడు.

"మస్తున్నది. నువ్వే ఉండు."

ప్రేమ్‌రాజ్ ప్రాణం కుదుటపడింది. ముసలాయన వదిలిన గ్లాసు కడుగుదామని తీసి, ఎందుకో ఒక గుక్క వేశాడు.

నాలుక భగ్గుమంది. పులుపు తెలిసింది. ఉప్పు తెలిసింది.

గ్లాసు వదిలేసి రోడ్డు మీదికి పరుగెత్తాడు. పట్టపగలు, ఎటు చూసినా మనుషులూ ఆటోలే. తువ్వాలు కట్టుకున్న మనిషి మాత్రం ఎక్కడా లేడు.

ఈ వారానికి ముందు ఆ ముఖం ఎన్నడూ చూడలేదు కానీ, మాస్కు పైన ఆ కళ్లను చూశాడు. కరోనా వార్డులో పక్క మంచం మీద నుంచి, "ఫికర్ చెయ్యకు బిడ్డా, నీ నాలుకకు రుచొచ్చేదాక ఉప్పూకారం నేను చెప్త" అని మాటిచ్చి, తెల్లారేసరికి శవమైపోయిన పెళ్లిళ్ల వంటాయన ఎల్లప్ప కళ్లు అవి.