పన్నెండు గంటల డబ్బా

"వదినె లేసిందా అన్నా?"

గుమ్మంలో కిష్టమ్మ, చేతిలో స్టీలు డబ్బా. నాచారంలో పన్నెండయిందంటే చిదంబరం ఇంటి ముందు ఈ ప్రశ్న తప్పదు.

"పడుకుందమ్మా. జ్వరం తగ్గింది."

"తోటకూర పప్పు దెచ్చిన. వదినెకియ్యి. జర వేడి మీదనే తినుమను."

"అలాగే చెబుతాను."

చిదంబరం భార్య రాజ్యం పోయి పద్నాలుగు నెలలైంది. ఎదురింటి కిష్టమ్మకు ఆ సంగతి నిలవదు. మతిమరుపు జబ్బు. మొదట్లో ఒకసారి చిదంబరం నిజం చెప్పేశాడు. ఆవిడ మెట్ల మీద కూలబడి గంటసేపు ఏడ్చింది. మర్నాడు పన్నెండింటికి మళ్లీ డబ్బాతో వచ్చింది. ఇక అప్పటి నుంచీ రాజ్యానికి జ్వరమే.

చిదంబరం మొండిమనిషి. భార్య పోయిన కొత్తలో వీధిలో వాళ్లు కూరలు పంపితే మూత కూడా తీయకుండా తిప్పి పంపాడు. ఒకరి జాలి తినే ఖర్మ తనకేం పట్టింది? ఆవకాయా మజ్జిగలతో నెట్టుకొచ్చి రెండుసార్లు కళ్లు తిరిగి పడ్డాడు కూడా. అయినా పట్టు వదల్లేదు.

ఈ డబ్బా సంగతి వేరు. ఇది రాజ్యానికి వచ్చింది. కాదంటే ఆ పిచ్చితల్లి బెంగపడుతుంది. అందుకని, కేవలం అందుకనే, తింటాడు. పప్పులో ఉప్పు ఉండీ లేనట్టుంటుంది. పాపం, అదీ మరిచిపోతుంది కాబోలు. రాజ్యమైతే అలాంటి పప్పు ముట్టేదే కాదు. బీపీ మనిషి కనక తనకు సరిపోయింది.

పైకి ఒప్పుకోడు గానీ, ఆ డబ్బా తెరిచినప్పుడల్లా మనసులో కిష్టమ్మకు దణ్ణం పెట్టుకుంటాడు. లోకమంతటికీ రాజ్యం పోయింది. ఈ ఒక్క మనిషికి మాత్రం కాస్త జ్వరం, అంతే.

సాయంత్రం కిష్టమ్మ కోడలు శిరీష వచ్చింది.

"అంకుల్, రేపు మా వంటింటికి రంగులేస్తున్రు. గోడ మీది చీటీలన్నీ తీసెయ్యాలె. అవి లేకుంటే అత్తకు తానం గూడ యాదికుండదు. మీ రాత మంచిగుంటది, కొత్తగ రాసిస్తరా?"

"దానికేం, వస్తాను పద."

"ఇంకోటి అంకుల్." శిరీష తల వంచుకుంది. "రోజూ మీతోని అబద్ధం జెప్పిస్తున్నం. మీకెంత బాధనో. రేపటిసంది అత్తను ఆపుతా."

చిదంబరం గబుక్కున అడ్డుపడ్డాడు. "వద్దమ్మా. నాకేం బాధ లేదు. ఆవిడ తృప్తి కోసం..."

"సూస్తం అంకుల్" అందేగానీ, ఆ పిల్ల వినేలా లేదు.

వంటింటి గోడ నిండా రాజ్యం చేతిరాతే. కిష్టమ్మకు అక్షరాలు నేర్పింది రాజ్యమే కనక అన్నీ పలక మీద దిద్దించినంత పెద్ద అక్షరాలు. ఆఖరి రోజుల్లో కూడా ఓపిక చేసుకుని ఇక్కడికే వచ్చి కూర్చునేది. నీ మందులు చూసుకోక అక్కడేం పనంటూ తను విసుక్కున్నాడు. "కిష్టమ్మకు చీటీలు రాసిస్తున్నానండీ" అనేది.

"పొయ్యి కట్టేశావా?" "పొద్దున తెల్ల బిళ్ల." "కోడలి పేరు శిరీష. మంచి పిల్ల."

ఒక్కొక్కటే కొత్త కాగితం మీదకి ఎక్కించాడు. అక్షరాలు అలుక్కుపోతుంటే కళ్లద్దాలు తుడుచుకున్నాడు.

"అయిపోయాయా?" అని శిరీషను అడిగాడు.

"అల్మారా లోపట ఒకటి ఉన్నట్టుంది. అది అత్తది, నన్ను ముట్టనియ్యదు. ఇప్పుడు పండుకుంది, తీయండి."

చిదంబరం తలుపు తీశాడు. కడిగి బోర్లించిన స్టీలు డబ్బా. తలుపు లోపలి వైపు నూనె మరకల చీటీ, అదీ రాజ్యం రాతే.

"రోజూ పన్నెండింటికి ఎదురింటి అన్నయ్యకి డబ్బా. ఉప్పు తక్కువ."

కింద ఇంకో వాక్యం. దానికి రెండు గీతలు.

"ఆయనకని చెబితే తీసుకోరు, నాకని చెప్పు."