గోడకేసి తిప్పిన బొమ్మలు

పెద్దక్క కుంచెలు కడుక్కుని వచ్చేసరికి ఆమె బొమ్మలు ఆరూ గోడకేసి తిరిగి ఉన్నాయి.

ఆ షాపులో బొమ్మను గోడకేసి తిప్పారంటే అది పనికిరాదని అర్థం.

తిప్పినవాడు పక్కనే నిలబడి ఉన్నాడు. ముసలాయన. నెత్తిన టోపీ, చంకలో గొడుగు, చేతిలో భూతద్దం.

పెద్దక్కకు అరికాలి మంట నెత్తికెక్కింది.

ఎక్కదా మరి? వందేళ్ల కిందటి ఫ్రెంచి పోస్టర్లకు చేత్తో నకళ్లు వేసే షాపు అది. ఎర్రగౌను ఎగరేసి ఆడే నాట్యగత్తె, సైకిలెక్కిన అమ్మాయి, పొగలు కక్కే ఓడ, ఆకుపచ్చ సీసా పక్కన నల్లపిల్లి. హోటళ్లవాళ్లూ కాఫీ షాపులవాళ్లూ గోడలకు కొనుక్కుపోతారు. పదకొండేళ్లుగా పెద్దక్క అవే వేస్తోంది. వేసిన ప్రతిసారీ కింద మూలన, ఎప్పుడో చచ్చిపోయిన ఫ్రెంచాయన సంతకం కూడా తనే గీస్తుంది. తన పేరు రాసుకునే చోటు మాత్రం ఏ బొమ్మలోనూ లేదు. ఇల్లు గడిచేది ఆ చేతి మీదే గనుక ఆ ఒక్క విషయంలో నోరు మూసుకుంది.

ఇప్పుడు మిషన్ల మీద అచ్చేసిన పోస్టర్లు చవగ్గా వచ్చిపడ్డాయి. పొద్దున్నే ఓనరు తేల్చి చెప్పేశాడు.

"ఈ రోజు హోటలు మనిషి వచ్చి చూస్తాడు. మీ ఇద్దరిలో ఎవరి బొమ్మలు ఎక్కువ తిప్పి పెడితే వాళ్లకి సోమవారం నుంచి పని లేదు."

ఇద్దరంటే పెద్దక్క, ఆమెతోపాటే బొమ్మలేసే పొడుగాయన. ఇద్దరివీ కలిపి పదహారు బొమ్మలు వరసగా నిలబెట్టారు. పొడుగాయనవి పది ఉంటే అందులో ఒక్కటీ తిప్పలేదు ఈ ముసలాడు. పగబట్టినట్టు ఏరి ఏరి ఆమెవే తిప్పాడు.

"ఏమయ్యా పెద్దమనిషీ, ఏమిటీ పని?"

ఆయన ఉలిక్కిపడ్డాడు.

"ఈ ఆరూ... ఒక్క చెయ్యే కదమ్మా?"

"అయితే?"

"చూడగానే తెలిసిపోతుంది."

"ఏం తెలిసిపోతుంది? ఎరుపు తక్కువైందా? గీత వంకరపోయిందా?"

ఆయన ఒక బొమ్మను ఇటు తిప్పి, నాట్యగత్తె కాలి దగ్గర భూతద్దం పెట్టాడు.

"అసలు పోస్టరులో ఈ మడమ గాల్లో ఉంటుంది. ఇందులో నేలకు ఆనింది."

పెద్దక్క గుండె గుభేలుమంది. అది ఎవరికీ తెలియదనుకుంది. ఆడి ఆడి అలిసిన మనిషికి కాస్త కాలు ఆనించుకునే చోటివ్వాలనిపించి, తనే దింపింది. పదకొండేళ్లలో ఓనరు కూడా కనిపెట్టలేదు.

భయం వేస్తే ఏడ్చేవాళ్లుంటారు. పెద్దక్కకు కోపం వస్తుంది.

"ఓహో! అద్దం పెట్టి మరీ వెతుకుతున్నావన్నమాట! తప్పులు పట్టడానికే జీతమిస్తున్నారా నీకు?"

"అయ్యో, అది కాదమ్మా. నేను వచ్చింది..."

"ఎందుకొచ్చావో నాకు తెలుసు! పొట్ట కొట్టడానికొచ్చావ్!"

"కాస్త నా మాట విను. ఇవి వేసినాయన ఎవరు? ఒక్కసారి పిలుస్తావా?"

వేసినాయనట! ఆడమనిషి వేసి ఉంటుందన్న ఊహ కూడా రాలేదు ఈ మహానుభావుడికి. అగ్నికి ఆజ్యం పోసినట్టయింది.

"చచ్చిపోయాడు!" అని అరిచింది పెద్దక్క. "నీలాంటివాళ్లు తప్పులు పట్టీ పట్టీ చచ్చిపోయాడు! చాలా? ఇక దయచెయ్యి!"

ముసలాయన చంకలో గొడుగు జారి పడింది. వంగి తీసుకోవడానికి ఆయనకు చాలాసేపు పట్టింది. లేచాక టోపీ తీసి, ఆ ఆరు బొమ్మల ముందూ తలవంచుకుని నిలబడ్డాడు.

"ఆ నాటకాలేవో బయట ఆడుకో!"

ఆయన టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు.

పెద్దక్క తలుపు ధడాలున వేసి, బొమ్మల్ని ఒక్కొక్కటే మళ్లీ ఇటు తిప్పింది. పస్తులైనా ఉంటాను గానీ ఇలాంటివాళ్ల ముందు తల వంచుతానా అని గొణుక్కుంది.

పావుగంటకి ఓనరు వచ్చాడు. మొహం చేటంత అయి ఉంది.

"హోటలు మనిషి రేపొస్తాడట."

"మరి ఇందాకా వచ్చి నా బొమ్మలు తిప్పిపోయిందెవరు?"

ఓనరు పకపకా నవ్వాడు.

"ఇంకెవరూ కొనకుండా అలా తిప్పి దాచిపెట్టుకున్నాట్ట ఆ ముసలాయన! వీధి మలుపులో నన్ను ఆపి, చేతులు పట్టుకుని ఒకటే ఏడుపు. 'ఎప్పుడు పోయాడండీ' అంటాడు. నేనూ తడుముకోలేదు. పది రోజులైందని చెప్పి బండెక్కించేశాను."

పెద్దక్క గోడవైపు తిరిగి ఆ ఆరు బొమ్మల్నీ చూసింది.

"నువ్వు సామాన్యురాలివి కావు సుమా! ఒక్క మాటతో పీడ విరగడ చేశావు. నిన్నెక్కడ ఎగరేసుకుపోతాడోనని, వచ్చిన ప్రతి ఉత్తరం చదివి కవరుతో సహా పొయ్యిలో పెట్టలేక చచ్చాననుకో."

"ఏ ఉత్తరాలు?"

ఓనరు నవ్వు ఆగిపోయింది. ఇదంతా ఆమె తెలిసే చేసిందనుకున్నాడు మరి.

"అబ్బే, ఏవో పాత..."

పెద్దక్క ఆయన చొక్కా పట్టుకుంది. పదకొండేళ్లలో మొదటిసారి మన్నన వదిలేసింది.

"ఏ ఉత్తరాలు? చెప్పు!"

ఓనరు నేల చూపులు చూశాడు.

"నీ మొదటి బొమ్మ కొన్నప్పట్నుంచీ నెలకో ఉత్తరం రాస్తున్నాడు, 'ఈ బొమ్మ వేసినవారి పేరు చెప్పండి, ఫ్రెంచాయన సంతకం చెరిపించి ఆ పేరే రాయించుకుంటాను' అని."