ఉస్తాద్ నంబరు

"గ్రూపుల నీ పేరు పెట్టుడు కుదరదు వదినా. మొగోళ్ల మాటలు, ఆడోళ్లు చదివేటివి గావు" అన్నాడు శ్రీశైలం. తెలకపల్లి మోటారు మెకానిక్కుల వాట్సాప్ గ్రూపుకు అతనే పెద్ద.

ఖైరున్నిసా తలెత్తకుండా మోటారుకు రాగితీగ చుడుతూనే ఉంది.

"అయినా బాబు భాయ్ ఉండనే ఉండు గద. మా అందరికి ఉస్తాద్. మొన్న నా మోటరు మల్లమల్ల కాలుతుంటే గాయనే ఉపాయం చెప్పిండు" అన్నాడు శ్రీశైలం.

గడప మీద చాయ్ తాగుతున్న ఆమె భర్త బాబు మియా చూపు గ్లాసులోకి దించుకున్నాడు.

"సన్నతీగ తీసేసి లావుతీగ చుట్టమంటి. చుట్టినవా అన్నా?" అడిగింది ఖైరున్నిసా.

శ్రీశైలానికి అనుమానమొచ్చింది. ఫోన్ తీసి, అందులో 'ఉస్తాద్' అని పేరు పెట్టుకున్న నంబరుకు కొట్టాడు.

ఖైరున్నిసా ఒడిలో ఫోన్ మోగింది.

"నాకు చదువు రాదు తమ్మీ" అన్నాడు బాబు మియా. "రెండేండ్ల సంది గ్రూపుల జవాబులన్నీ ఆమెవే."

ఈ రెండేళ్లలో తాను ఆ గ్రూపులో కూసిన కూతలన్నీ గుర్తొచ్చి శ్రీశైలం చెవులు వేడెక్కాయి.

"మల్ల... గ్రూపుల కలపాల్నా వదినా?" గొణిగాడు.

"అండ్లనే ఉన్న గదన్నా. మీ ఫోన్లల్ల పేరు మార్చుకోండ్రి, సాలు."