గోలీల అలారం

పొద్దున మోగాల్సిన అలారం డబ్బా మధ్యాహ్నం అన్నాల దగ్గర మోగింది.

"గిదేంది సింధూ! గది మోగలేదని పొద్దుగాల బీపీ గోలీ ఏస్కోలే నేను," అంది అత్త.

వడ్డిస్తున్న పెద్దకోడలు సుమలత లోలోపల మురిసిపోయింది. ఇన్నేళ్లూ అత్తకు గోలీలిచ్చింది తను. ఇంజినీరింగ్ చదివిన తోటికోడలు సింధు ఆ డబ్బా చేసిపెట్టాక ఇంట్లో "సుమలతా" అనే పిలుపే తగ్గిపోయింది. అందుకే నిన్న ఇదే వేళకు, ఇల్లు ఊడుస్తూ దాని వైరు పీకి మళ్లీ పెట్టింది.

"నిన్న గీ యాళ్లకు కరెంటు పోయింది అత్తమ్మా. పోయొస్తే దీని లెక్క మళ్ల మొదటికొచ్చి, అప్పటిసంది ఇరవై నాలుగు గంటలకు మోగుతది. తప్పు నాదే," అంది సింధు.

సుమలత చేతిలో గరిటె ఆగిపోయింది. నిన్న కరెంటు పోలేదు. ఆ వేళ మిక్సీ పట్టింది సింధే.

వంటింట్లోకి వచ్చాక సింధు మెల్లగా అడిగింది. "కేసముద్రం పోయి చిన్న బ్యాటరీ తెస్తే, ఎవ్వరు వైరు గుంజినా టైము మర్వదక్కా. పెట్టమంటవా, వద్దా?"

ఒక్క మాట అనకుండా తననే అడుగుతున్న ఆ మంచితనం మీద కూడా సుమలతకు కుళ్లు పుట్టింది.

"పెట్టు," అంది. "మోగేది అది మోగనీ. గోలి మాత్రం అత్తమ్మకు నా చేతితోనే అందాలె."