ఫొటోలో ఉన్నట్టే

మొదటి డాక్టర్ దగ్గర అమ్మ కూర్చోను కూడా లేదు.

"కోసిన గీత మిగులుతుందా?" అని నిలబడే అడిగింది.

"కత్తి పెట్టాక ఎంతో కొంత మిగలక తప్పదమ్మా. వెంట్రుకంత," అన్నాడాయన, కూతురి ఎడమ చెంపను లైటు వైపు తిప్పి చూస్తూ. కంటికి కాస్త కింద మిరియపు గింజంత పుట్టుమచ్చ. "అయినా దీన్ని తీయించడమేంటి? ముఖానికి కళే ఇది!"

అమ్మ బ్యాగు భుజానికి తగిలించుకుని బయటికి నడిచింది.

రెండో ఆవిడ పేరున్న సర్జన్. ఆమె అమ్మను వదిలేసి పిల్లనే అడిగింది.

"నీకిష్టమేనా తల్లీ? ఎవరైనా బలవంతం చేశారా?"

కూతురు నోరు తెరిచేలోపే అమ్మ లేచింది. మెట్లు దిగుతూ, "ఈవిడ కోసేది తక్కువ, అడిగేది ఎక్కువ," అంది.

నిజానికి ఆ పిల్ల ఇష్టమేనని చెప్పి ఉండేది. పదిహేనేళ్లు. ఏడాదిగా అమ్మ ఆమె ముఖంలోకి చూసి మాట్లాడలేదు. అన్నం వడ్డిస్తే కంచంకేసి చూస్తుంది. జడ వేస్తే తల వంచుకుని వేస్తుంది. ఎప్పుడైనా అద్దంలో ఆ చెంప కనబడితే చేతులు ఆగిపోతాయి. ఒక రోజు జడ సగంలో వదిలేసి, "ఆ మచ్చ తీయించేద్దాం," అంది.

మచ్చ పోతే అమ్మ మళ్లీ తనను చూస్తుంది. ఆ పిల్లకు అంతకు మించి ఏమీ అక్కర్లేదు.

నాన్న ఒక్కడే అడ్డుపడ్డాడు.

"పిల్ల ముఖమే అది. నీ స్టూడియో ఫొటో కాదు, చెరిపి పారేయడానికి."

అమ్మ పని ఫొటో స్టూడియోలో. కంప్యూటర్ ముందు కూర్చుని పెళ్లికూతుళ్ల మొటిమలు తుడిచేస్తుంది, పెళ్లికొడుకుల నెత్తిన లేని జుట్టు మొలిపిస్తుంది.

"పుట్టినప్పుడు ఆ మచ్చ చూసి, బతికించావురా దేవుడా అని దణ్ణం పెట్టింది నువ్వే కదే!"

"అప్పుడు పెట్టాను."

"మరి ఇప్పుడేమొచ్చింది?"

అమ్మ చేతిలోని గిన్నెను తోముతూనే ఉంది. నాన్నకు రెండోసారి అడిగే ధైర్యం లేకపోయింది.

మూడో డాక్టర్ క్లినిక్ ఒక పళ్లాసుపత్రి పైన. మెట్లెక్కుతుంటేనే లవంగనూనె వాసన. అమ్మ బ్యాగులోంచి ఫొటో తీసి బల్ల మీద పెట్టింది. అదే ముఖం, అదే నవ్వు. చెంప మీద మాత్రం ఏమీ లేదు.

"ఇలా రావాలి."

డాక్టర్ ఫొటోను కళ్లకు దగ్గరగా పెట్టుకున్నాడు. "భలే చెరిపారండీ! ఎక్కడా అతుకే కనబడట్లేదు. కంప్యూటర్లోనేనా?"

"నా పని అదేనండీ."

"అయితే మనిద్దరిదీ ఒకటే వృత్తి. కాకపోతే మీరు తప్పు చేస్తే వెనక్కి తిప్పుకోవచ్చు, నాకా సుఖం లేదు." ఆయనే నవ్వుకున్నాడు.

"గీత?"

"ముడత వెంబడి కోసి, లోపలి నుంచి కుడతాను. కొన్నాళ్లు పోతే ఎక్కడ కోశానో నేనే వెతుక్కోవాలి."

పిల్లను ఆయన ఒక్క మాట కూడా అడగలేదు. అమ్మకు ఆయనే నచ్చాడు.

ఆపరేషన్ రోజు ముఖం మీద కన్నం ఉన్న ఆకుపచ్చ గుడ్డ కప్పారు. మత్తు సూది గుచ్చగానే కళ్లలో నీళ్లు తిరిగాయి. కాసేపటికి చెంప తనది కానట్టయింది. కత్తెర చప్పుడు వినబడుతోంది, నొప్పి లేదు. అయినా భయమేసింది.

"అమ్మా, చెయ్యి," అంటూ గుడ్డ కింద నుంచి చెయ్యి చాపింది.

"ఖాళీ లేదు. కదలకు."

అమ్మ రెండు చేతులతో ఫొటో పట్టుకుని, డాక్టర్‌కి కనబడేలా నిలబడి ఉంది.

"ఏంటమ్మా, దేవుడి పటంలా పట్టుకున్నారు!" అంది నర్సు. "దించండి. మీ అమ్మాయిని మేమేం మార్చేయంలెండి." ఆ చాపిన చేతిని తనే పట్టుకుంది.

కుట్లు అయ్యాక డాక్టర్, "ముక్కను పరీక్షకు పంపుదామా? మామూలుగా పంపుతాం," అన్నాడు.

"అక్కర్లేదు. పారేయండి."

"ఒకసారి చూడనా?" అంది పిల్ల.

నర్సు పళ్లెం వంచి చూపించింది. గాజుగుడ్డ మీద నల్లటి చుక్క.

"ఇంతేనా!" అంది పిల్ల.

కుట్లు విప్పాక పొద్దునా సాయంత్రం అమ్మే మందు రాసేది. రాసినంతసేపూ చూపు ఆ గీత మీదే. గీత ఎర్రగా ఉన్నది గులాబీ రంగుకు వచ్చింది, తర్వాత అదీ పాలిపోయింది. అమ్మ వేలు తన చెంప మీద ఉన్న ఆ కాసేపటి కోసం పిల్ల రోజంతా ఎదురుచూసేది.

ఒక ఆదివారం అమ్మ ఆమెను కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, గడ్డం పట్టుకుని ముఖం పైకెత్తింది. చూసింది. నుదురు చూసింది, కనుబొమలు చూసింది, ఎడమ చెంప చూసింది. చివరికి కళ్లలోకి చూసింది. తర్వాత నవ్వింది. పిల్ల ఊపిరి బిగబట్టి నిలబడింది, కదిలితే ఆ నవ్వు పోతుందేమోనని.

గుమ్మంలో నిలబడ్డ నాన్న చేతిలోని గ్లాసు అక్కడే పెట్టేసి, చెప్పులైనా వేసుకోకుండా వీధిలోకి వెళ్లిపోయాడు.

కిందటేడు చనిపోయిన కవల అక్క పేరు పెట్టి అమ్మ ఆమెను పిలిచింది, చెల్లెలు "ఆఁ అమ్మా" అని పలికింది.