కోడలిని ఏమని రాయాలి?

మూడూళ్ల అవతల చేప కుళ్లినా ఇంట్లో కూర్చుని పసిగట్టే ముక్కు పానూఫిస్‌ది. ఆ ముక్కును పైగుడ్డతో గట్టిగా మూసుకుని, అరుగు మీద కరణం ముందు కూర్చున్నాడు.

ఎదురుగా కొడుకు మారోన్. వాడి వెనక, ఆరు నెలల కడుపుతో సోయెరిస్. సరస్సు ఒడ్డున చేపలకు ఉప్పు పట్టించే వాళ్ల పిల్ల. మారోన్ ఇంట్లో చెప్పకుండా కట్టుకుని తెచ్చుకున్న పిల్ల.

ఆ ఏడు రోము దొరలకు ఇంటింటి లెక్క ఒప్పజెప్పాలి. ఒకసారి రాసింది పద్నాలుగేళ్లదాకా చెరగదు. పుట్టబోయే బిడ్డ గతి కూడా ఆ రాతలోనే ఉంది.

"ఈ పిల్లను ఏమని రాయను, పెద్దాయనా?" అన్నాడు కరణం.

"పనిమనిషని రాయి." పానూఫిస్ పక్కకు తిరిగి తుపుక్కున ఉమ్మాడు. "చూస్తేనే డోకొస్తోంది."

"నాన్నా, తను నా భార్య!"

"ఛీ! ఆ మాట నా గడపలో అనకు. తాతలనాటి నుంచి ఈ ఇంట్లో పరాయి పిల్ల పొయ్యి ముట్టుకోలేదు. తమిస్తా పుట్టిన రోజే నీకనుకున్నాం. బంగారంలాంటి పిల్లను కాదని ఈ కంపును నెత్తికెత్తుకుంటావురా?"

"నన్నెందుకు లాగుతారు మధ్యలో?" మగ్గం వెనక నుంచి తమిస్తా కిసుక్కుమంది. "వాడి గురక చిన్నప్పటి నుంచీ వింటున్నా. ఇక ఆవిడ విననీ."

సోయెరిస్ మెల్లగా అంది. "మావయ్యా, మూడు నెలలుగా నేను చేప ముట్టలేదు. నాకే ఆ వాసన పడట్లేదు."

నిజమే. మూడూళ్లన్నానా? కాస్త ఎక్కువే చెప్పాను. కంచంలో ఉన్నది చేపో వెల్లుల్లో తేల్చలేని ముక్కు అది. ఆయన రోత ముక్కుది కాదు.

"అపోగ్రఫే అంటే ఏంటనుకున్నావు?" కరణం విసుక్కున్నాడు. "ఇంట్లో ఉన్నది ఉన్నట్టు రాసివ్వడం. నీకు నచ్చినట్టు కాదు. కింద చక్రవర్తి మీద ఒట్టేసి మరీ ఇవ్వాలి."

"పనిమనిషనే రాయి!"

"అలాగైతే నా పేరూ కొట్టెయ్యండి, కరణంగారూ," అన్నాడు మారోన్. "మా మావగారింటి పత్రంలో రాయించుకుంటా."

"ఇల్లరికమా? చేపల బుట్టల మధ్యకా?" పానూఫిస్ పైగుడ్డను ముక్కుకు ఇంకా బిగించాడు. దిక్కుతోచక భార్య తాయేసిస్ వైపు చూశాడు.

"ఉన్నది వాడొక్కడే కొడుకు," అందావిడ. "కళ్లు మూసుకుని మింగెయ్."

పానూఫిస్ కళ్లు మూసుకున్నాడు. నోట్లో పురుగు పడ్డవాడిలా మొహం పెట్టాడు.

"భార్యే. రాసి చావు."

సోయెరిస్ కొంగుతో కళ్లొత్తుకుంది.

కరణం గొంతు సవరించుకుని (ఈ గొంతు సవరింపొక్కటే నేను కల్పించింది) పత్రాన్ని మొదటి నుంచి పైకి చదివాడు:

"ఇంటి యజమాని పానూఫిస్, ఒకే తల్లికీ ఒకే తండ్రికీ పుట్టిన అతని సొంత చెల్లెలూ భార్యా అయిన తాయేసిస్, వాళ్ల కొడుకు మారోన్, బయటి పిల్ల అయిన కోడలు సోయెరిస్, ఇంకా పెళ్లి కావలసిన కూతురు, మారోన్‌కు తోడబుట్టిన తమిస్తా."